టర్బో మోటారుసైకిలు పునరుద్ధరణము

కంసాలి కుంపటి యెదుట కూర్చుండి ఊదుగొట్టముతో ఊదుట మీరు చూచియుందురు. బొగ్గులు అవియే, కుంపటి అదియే. అయినను గాలి యెక్కువగా తగులగనే నిప్పు భగభగ మండును. మోటారు ఇంజనులోను జరుగునది యిదియే. సిలిండరు తనంతట పీల్చుకొను గాలికన్న నెక్కువ గాలిని లోనికి నెట్టినచో ఎక్కువ పెట్రోలు మండి ఎక్కువ బలము పుట్టును. ఆ ఊదు పనిని ఇంజను విడిచిన పొగచేతనే చేయించు సాధనమునకు టర్బోచార్జరు అని పేరు. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905 లో దీనికి పేటెంటు పొందెను. ఒకే ఇరుసునకు రెండు కొనలయందు రెండు చిన్న చక్రములుండును. వెలికి పోవుచున్న పొగ మొదటి చక్రమును త్రిప్పగా, రెండవది గాలిని ఇంజనులోనికి నెట్టును.

జపాను దేశపు హోండా సంస్థ 1982 లో ఈ సాధనము నమర్చి సీఎక్స్ 500 టర్బో అను మోటారుసైకిలును విక్రయించెను. దాని ఇంజను 497 సీసీ మాత్రమే. టర్బో లేని సీఎక్స్ 500 బలము సుమారు 50 అశ్వశక్తులు కాగా దీనిది 82. యమహా, సుజుకి, కవాసాకి సంస్థలును అట్టి బండ్లను తెచ్చినవి. కాని ఆ ముచ్చట కొలది యేండ్లకే ముగిసెను. అవి బరువైనవి, వెల హెచ్చు. అంతకుమించిన లోపము మరియొకటి కలదు. చేతిపిడి త్రిప్పిన వెంటనే చక్రము వేగమందుకొనదు. బండి ఒక క్షణము తాత్సారము చేసి, పిమ్మట నొక్కసారిగా ముందునకు దూకును. మలుపులో నిట్లు జరిగినచో నడుపువాని గతి యేమి?

నేడు ఇట్టి బండి దొరకుట అరుదు. దొరకినను ఏండ్ల తరబడి మూలబడియుండినదే దొరకును. పెట్రోలు ట్యాంకులో తుప్పు, పెట్రోలు చిమ్ము సూదిరంధ్రములలో జిగురు పేరుకొనియుండును. బ్యాటరీకి విద్యుత్తు నందించు తీగచుట్ట చెడినచో, అది ఇంజను వెనుకభాగమున నుండుటచే, ఇంజనునే క్రిందికి దింపవలెను. టర్బో ఇరుసు నిమిషమునకు లక్షకు పైబడి చుట్లు తిరుగును. దానిని కాపాడునది ఇంజను నూనె యొక్క పలుచని పొర మాత్రమే. ఆ నూనె వచ్చు సన్నని త్రోవలో మసి గట్టిపడియున్నచో క్రొత్త రంగు, క్రొత్త తళుకు ఎందులకు?

వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన వానికి ఈ గొడవ యేల యని మీరడుగవచ్చును. తాటాకుల ప్రతిని పరిష్కరించు పండితునకును, ఈ పనివానికిని దగ్గర చుట్టరికమే కలదు. లేఖకుడు చేసిన తప్పును దిద్దవలెను. కవి వ్రాసినదానిని దిద్దరాదు. ఏది తప్పో, ఏది కవి వ్రాతయో తెలియుటయే కష్టము.

ఈ బండియందు ఆ కష్టము ఒక చిన్న తలుపు వద్ద ఎదురగును. గాలి ఒత్తిడి హద్దునకు వచ్చినప్పుడు పొగను ప్రక్కత్రోవ పట్టించి చక్రపు వేగమును అదుపులో నుంచునది ఆ తలుపే. సన్నని రబ్బరు గొట్టము గుండ వచ్చు గాలి ఒత్తిడియే దానిని తెరచును. నలువదేండ్లలో రబ్బరు బీటలు వారును. ఒత్తిడి తలుపును చేరదు, తలుపు తెరచుకొనదు. కొందరు ఈ సంగతి తెలిసియే, బలము పెంచుటకై ఆ గొట్టమును కావలెనని నొక్కి యిరుకు చేయుదురు.

సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు దాని అడుగు వేడెక్కుట మీరెరిగినదే. అదిమిన గాలి వేడెక్కును. ఆ వేడి హద్దు మీరినచో సిలిండరులోని పెట్రోలు ఆవిరి, మంట తన్ను చేరకమునుపే తనంతట భగ్గుమనును. పిస్టనుపై సుత్తిదెబ్బలు పడినట్లగును. తుదకు దానికి రంధ్రము పడును. ఇది యెరిగియే హోండావారు, సామాన్యపు సీఎక్స్ 500 లో 10:1 గా నుండిన అదుము నిష్పత్తిని టర్బోలో 7.2:1 కు తగ్గించిరి. అది లోపము కాదు, ముందుచూపు.

మరి హోండావారే తమ బండిని మెరుగుపరుపవలసి వచ్చినప్పుడు ఏమి చేసిరి? 1983 లో సీఎక్స్ 650 టర్బోను తెచ్చిరి. సిలిండర్లను పెంచి ఇంజనును 674 సీసీ చేసిరి, అదుము నిష్పత్తిని 7.8:1 గావించిరి, టర్బో ఒత్తిడిని మాత్రము తగ్గించిరి! బలము 100 అశ్వశక్తులకు పెరిగెను, తాత్సారమును తగ్గెను. అవి రెండువేలకన్న తక్కువగానే తయారైనవి.

కావున తెలిసిన పనివాడు మొదట బ్రేకుల జోలికి పోవును. పాత రబ్బరు గొట్టములు ఒత్తిడికి ఉబ్బును. ఉక్కుతీగల అల్లికగల గొట్టములు వేసినచో బ్రేకు చేతికి గట్టిగా తగులును. పాత ఎలక్ట్రానికు పెట్టె చెడినచో నేటి కాలపు పెట్టెను అమర్చవచ్చును. ఇది తప్పని నేననను. పాతదానిని పారవేయక చీటీ కట్టి దాచిన చాలును, రేపు వేరొకడు దానిని బాగుచేయగలుగును.

తుదకు ఇంజను పలికినదనుకొనుడు. దూరము నడిపి వచ్చి వెంటనే తాళము త్రిప్పరాదు. ఎర్రగా కాగిన టర్బోలో నూనె నిలిచిపోయి మాడి మసియగును. రెండు నిమిషములు ఇంజనును మెల్లగా తిరుగనిచ్చి, వేడి తగ్గిన పిమ్మటనే ఆపవలెను.