ప్రశ్నలు – జవాబులు: భుజము, చలి, మధుమేహము

ప్రశ్న: మాంట్రియల్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. చాలా ఏండ్లుగా చక్కెర వ్యాధి ఉంది. ఈ శీతకాలంలో కుడి భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి చేయి వెనక్కి పోవడం లేదు. ఇక్కడి చలివల్లనే అని ఇంటిల్లిపాదీ అంటున్నారు. నిజమేనా?
— ఒక సోదరి, పార్క్ ఎక్స్‌టెన్షన్

జవాబు: సోదరీ, మాంట్రియల్ శీతకాలముపై మోపదగిన నేరములు అనేకములు కలవు గాని, ఇది మాత్రము దానిది కాదని నా నమ్మకము. చలి నొప్పిని హెచ్చింపవచ్చును. కీలును బిగించినది బహుశః మీ నెత్తుటిలోని చక్కెరయే. ఏండ్ల తరబడి హెచ్చుగా నిలిచిన చక్కెర, కీళ్ల పొరలకును స్నాయువులకును బలమిచ్చు కొల్లాజెన్ అను మాంసకృత్తునకు అంటుకొని, దాని పోగులను ఒకదానితో నొకటి ముడివేయగా, సాగవలసిన పొర దళసరియై ముడుచుకొనిపోవును. రొట్టె కాలునపుడు ఎఱ్ఱబారుటకు హేతువై, 1912లో మయ్యార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించిన రసాయనచర్య యేదో, అదియే మన దేహములో మందగతిని జరుగుచుండును. ఫ్రోజెన్ షోల్డర్ అను ఈ బాధ సామాన్యజనులలో నూటికి ఇద్దరు మొదలు ఐదుగురికి వచ్చుననియు, మధుమేహులలో పది మొదలు ఇరువదిమందికి వచ్చుననియు వైద్యుల అంచనా.

మధుమేహమునకు మందైన ఇన్సులిన్‌ను రోగులకు ఈయదగినంతగా 1922లో టొరంటోలో శుద్ధిచేసిన కాలిప్ అను శాస్త్రజ్ఞుడు, 1928లో మీ నగరపు మెగిల్ విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడై వచ్చెను. ఆ ఔషధము మూలమున రోగులు దీర్ఘకాలము జీవించుటచేతనే, నెమ్మదిగా ముదురు ఇట్టి చిక్కులు వైద్యుల కంటబడినవి.

అరచేతులు రెండును నమస్కారము చేయునట్లు జోడించి చూడుడు. వ్రేళ్లు ఒకదానికొకటి ఆనక సందు మిగిలినచో, చేతి కీళ్లును బిగియుచున్నవన్నమాట. వైద్యునకు ఆ సంగతియు చెప్పవలెను. క్యుబెక్‌లో ఫిజియోథెరపిస్టును చూచుటకు డాక్టరు చీటీ అక్కరలేదు గనుక, వేసవి వచ్చువరకు వేచియుండకుడు. ఈ బిగువు వదలుటకు ఏడాది, రెండేండ్లు కూడ పట్టవచ్చును. భుజములో స్టెరాయిడ్ ఇంజెక్షను ఇత్తుమన్నచో మీ చక్కెర మాట ముందే చెప్పుడు. అది కొన్ని దినములపాటు చక్కెరను పెంచును.

ప్రశ్న: మధుమేహం ఉన్న మా మామగారి పాదం వాచి, ఎఱ్ఱగా, వేడిగా ఉంది. నొప్పి లేదు కాబట్టి పెద్ద బూట్లు కొంటే చాలునంటున్నారు.
— ఒక కోడలు, లావాల్

జవాబు: అమ్మా, చాలదు. నొప్పి లేకపోవుటయే ఇందు భయహేతువు. నరములు స్పర్శ కోల్పోయిన పాదములో ఎముకలు విరిగి నలుగుచున్నను రోగికి తెలియదు. షార్కో పాదమను ఈ వ్యాధికిని మధుమేహమునకును గల సంబంధమును 1936లో జోర్డన్ అను వైద్యుడు చూపెను. ఈ వాపు చీము పట్టుటయైనను కావచ్చును. రెండును ఉపేక్షింపదగినవి కావు. ఆయనను ఆ కాలిపై నడవనీయక, ఈ దినమే ఆసుపత్రికి తీసికొనిపొండు.