పటముపై మన మగ్గము: భౌగోళిక సమాచార వ్యవస్థ

పడుగుపేకల గూర్చి మన సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. భూగోళముపై ఉత్తర దక్షిణములుగ పోవు రేఖాంశములను పడుగనియు, తూర్పు పడమరలుగ పోవు అక్షాంశములను పేకయనియు భావించిన, ప్రతి మగ్గమునకును ఆ రెండును కలియు తావు ఒకటి యుండును. దానిని రెండు అంకెలతో వ్రాయవచ్చును. షోలాపూరు సుమారు 17.66 ఉత్తర అక్షాంశమున, 75.91 తూర్పు రేఖాంశమున గలదు.

ఇట్లు గుర్తించిన స్థానమునకు తక్కిన వివరములను ముడివేసి, కంప్యూటరులో పొరలుగ నుంచి, పొరతో పొరను సరిచూచు ఏర్పాటునే భౌగోళిక సమాచార వ్యవస్థ యందురు. 1960 దశకమున కెనడాలో భూముల వివరములకై రోజర్ టామ్లిన్సన్ ఆధ్వర్యమున ఇట్టిదానిని నిర్మించిరి. ఆలోచన మాత్రము అంతకన్న పాతది. 1854లో లండనులోని సోహో పేటలో కలరా వ్యాపించగా, డాక్టరు జాన్ స్నో మరణములు జరిగిన ఇండ్లను, నీటి పంపులను ఒకే పటముపై గుర్తించెను. బ్రాడ్ వీధి పంపు చుట్టును మరణములు గుమిగూడియుండుట అందు స్పష్టముగ కానవచ్చినది.

వివరములను నిలుపు పద్ధతులు రెండు.

1. రాస్టరు: ఇది మన డిజైను గ్రాఫు కాగితము వంటిది. గడికొక విలువ యుండును. ఉపగ్రహ చిత్రములు ఈ తీరువే. గడి చిన్నదైనకొలది వివరము హెచ్చును.

2. వెక్టరు: మగ్గమున్న ఇల్లు బిందువు, బాట గీత, వరదలో మునిగిన పేట ఒక హద్దు గల ప్రదేశము.

దీనివలన మనకేమి లాభము? మగ్గముల పొరపై వరద పొరను పరచిన, ఏ మగ్గములు మునిగినవో వెంటనే తేలును. కాని మగ్గము ఇంటి వద్ద నుండగా సంఘ కార్యాలయపు స్థానము వ్రాసినచో, మునిగిన మగ్గము మునగనిదిగ లెక్కకు వచ్చును. సహాయము పొందవలసిన కుటుంబము పేరు జాబితాలో నుండదు.

కావున నమోదు వేళ ఈ క్రింది సంగతులు గమనింపవలెను.

1. మగ్గము వద్దనే నిలిచి స్థానము తీయవలెను.

2. దశాంశములు ఐదింటి వరకు వ్రాయవలెను. అక్షాంశమున ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. రెండు దశాంశములతో ఆపిన, గుర్తు కిలోమీటరు దాక ప్రక్కకు పోవచ్చును. ఫోను తనంతట తానే కొన్ని మీటర్లు తప్పునని మరువరాదు.

3. అంకెలు తారుమారు కారాదు. షోలాపూరు అంకెలను తిరగవ్రాసిన, మన మగ్గము ఉత్తర ధ్రువ సముద్రమున పడును!

4. తేదీ వ్రాయవలెను. ఇల్లు మారిన మరల నమోదు చేయించవలెను.

గణకులు వచ్చినపుడు సభ్యులు దగ్గరనుండి, తమ గుర్తు తమ ఇంటిపైననే పడినదో లేదో పటముపై చూచుకొనిన పిదపనే సంతకము చేయవలసినదిగ కోరుచున్నాము.