నాడీవైవిధ్యము: జీవశాస్త్రము, సమాజము, శాసనము

ఆటిజము, డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ మున్నగునవి కేవల లోపములు గావనియు, మానవ మస్తిష్కముల సహజ భేదములలో భాగములనియు ప్రతిపాదించు నాడీవైవిధ్య భావన 1990ల దశకమున ప్రచారమునకు వచ్చెను.

జీవశాస్త్ర నేపథ్యము: 1943లో వైద్యుడు లియో కానర్ 11 మంది బాలబాలికలను పరిశీలించి ఆటిజమును వర్ణించెను. తల్లిదండ్రుల అనాదరమే దీనికి మూలమను అపవాదు కొంతకాలము ప్రబలినను, 1977లో పరిశోధకులు ఫోల్‌స్టీన్, రట్టర్ పరిశీలించిన 21 కవలల జంటలలో, సమరూప జంటలు 11టికి 4 జంటలందు ఇరువురికిని ఆటిజముండుటయు, అసమరూప జంటలు 10టిలో ఒక్కదానియందును అట్లు లేకుండుటయు జన్యువుల ప్రాబల్యమును సూచించి, ఆ క్రూరమైన నిందను సడలించెను. నాడీకణ సంధుల నిర్మాణమునకు తోడ్పడు షాంక్3 వంటి అనేక జన్యువులకు ఆటిజముతో సంబంధము గలదు.

సామాజిక పార్శ్వము: తోటివారు గమనింపనైనను గమనింపని పంకా రొద, ఆటిజము గల కొందఱు పిల్లలకు గురువుగారి మాట వినరానంతటి ఘోషయై బాధించును, అట్టి బాలుడు చెవులు మూసికొన్నచో దానిని మొండితనమని దండించుట అన్యాయము, నిశ్శబ్దమైన చోట కూర్చుండబెట్టుట ధర్మము.

శాసనము: భారతదేశమున 1995 నాటి వికలాంగుల చట్టము 7 వైకల్యములనే గుర్తింపగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజము, నిర్దిష్ట అభ్యసన వైకల్యములతో సహా 21 వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో దివ్యాంగులకు కనీసము 4 శాతము రిజర్వేషన్ కల్పించెను. శాసనము ద్వారము తెఱచినను, లోనికి ఆదరముతో ఆహ్వానింపవలసినది సమాజమే.

గుర్తుంచుకొనవలసినవి:
• ప్రపంచ ఆటిజం అవగాహన దినము: ఏప్రిల్ 2
• ఆటిజము మున్నగు వైకల్యములు గలవారి సంక్షేమమునకైన నేషనల్ ట్రస్ట్ చట్టము: 1999