దొమ్మరోగము: కడ్డీవంటి సూక్ష్మజీవుల తెగలు

గ్రామమున పశువు హఠాత్తుగా చచ్చినపుడు దానిని కోయవచ్చునా, చర్మము ఒలువవచ్చునా అను ప్రశ్న పంచాయతీ ముందునకు వచ్చుచుండును. దీనికి సమాధానము సూక్ష్మజీవుల వర్గీకరణములో నున్నది.

సూక్ష్మదర్శినిలో కడ్డీలవలె కనబడు బాక్టీరియా పెక్కు గలవు. వానిలో కొన్ని, ఆహారము కరవైనపుడు తమలోపల గట్టి పొరలు గల సిద్ధబీజమును కట్టుకొనును. ఒక కణమునకు ఒక్కటే బీజము. కనుక ఇది సంతానవృద్ధి కాదు, ప్రాణరక్షణ మాత్రమే. గాదెలోని విత్తనమువలె అది మట్టిలో ఏండ్ల తరబడి నిద్రించును.

1872లో ఫెర్డినాండ్ కోన్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు కడ్డీవంటి సూక్ష్మజీవులకు బాసిల్లస్ అను పేరిడెను. తరువాతివారు సిద్ధబీజములు కట్టువానిని ప్రాణవాయువును బట్టి విడదీసిరి. గాలిలో పెరుగగలవి బాసిల్లస్ తెగ; గాలి సోకిన పెరుగజాలనివి క్లాస్ట్రిడియం తెగ. ధనుర్వాతము, జబ్బవాపు కలిగించునవి ఈ రెండవ తెగవి. మేకు దిగిన లోతైన గాయము ప్రమాదకరమగుట అందువలననే. బీజము కణములో ఎచ్చటనున్నదో అదియు ఒక గుర్తు: ధనుర్వాత క్రిమి కొనయందు బీజముతో డోలుపుల్లను పోలియుండును. జన్యుపరీక్షలు వచ్చిన పిమ్మట ఈ తెగలు ఇంకను చీలినవి. 1993లో కొన్ని బాసిల్లస్ జాతులు పేనిబాసిల్లస్ అను వేరు తెగగా ఏర్పడినవి. పేరులెట్లు మారినను, గ్రామమునకు కావలసినది గాలిని గూర్చిన భేదమే.

ఆంత్రాక్స్ అనబడు దొమ్మరోగపు క్రిమి బాసిల్లస్ తెగది. (దీని దగ్గరి జ్ఞాతియే పంటపురుగులను చంపు బీటీ మందు, కనుక తెగనంతను నిందింపరాదు.) ఇది సిద్ధబీజములు కట్టు విధమును 1876లో రాబర్ట్ కోక్ వివరించెను. బ్రతికిన పశువు రక్తములో ఇది బీజము కట్టదు. బయటి ప్రాణవాయువు తగిలిననే కట్టును. కోయని కళేబరములో, కుళ్ళు వలన ఈ క్రిమి కొలది దినములలోనే చాలవరకు నశించును. కత్తి పడి నెత్తురు నేలపాలైనచో బీజములేర్పడి, ఆ నేలపై మేయు పశువులకు ఏండ్ల పిమ్మటనైనను రోగము తెచ్చును. స్కాట్లండు తీరమందలి గ్రూనార్డ్ దీవిలో 1942లో బ్రిటిషువారు ఈ క్రిమితో యుద్ధప్రయోగము చేసిరి. 1986లో ఫార్మాల్డిహైడుతో శుద్ధిచేసిన తరువాత, 1990లో గాని ఆ దీవి సురక్షితమని ప్రకటింపబడలేదు.

పశువు ఉన్నట్లుండి చచ్చుట, ముక్కు, నోరు, మలద్వారములనుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుట, దేహము బిగుసుకొనకుండుట దొమ్మరోగ లక్షణములు. జబ్బవాపులో తొడ లేక జబ్బ ఉబ్బి, నొక్కిన చిటపటలాడును. సందేహమున్నచో కళేబరమును కోయరాదు, వట్టి చేతులతో తాకరాదు, మాంసము పంచరాదు. రోగము మనుష్యులకును సోకును. కుక్కలు, గ్రద్దలు చేరకుండ కావలి పెట్టి, పశువైద్యుని పిలిపింపవలెను. ఆయన చెవి నుండి కొద్దిపాటి నెత్తురు తీసి పరీక్షకు పంపును. కళేబరమును దహించుట మేలు. వీలులేనిచో నీటివనరులకు దూరముగా 6 అడుగులకు తగ్గని లోతున పూడ్చవలెను. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టము ప్రకారము, ఇట్టి రోగమును శంకించిన యజమాని గ్రామాధికారికి గాని పంచాయతీకి గాని తెలుపవలెను; అచ్చటినుండి వ్రాతమూలకముగా పశువైద్యునికి వార్త చేరవలెను. రోగము కనబడిన గ్రామములలో ఏటేటా టీకాలు వేయించుటకు, పూడ్చిన చోటు చుట్టును కంచె వేయించుటకు పంచాయతీ పూనుకొనవలెను. ఆ చోటు పంచాయతీ రికార్డులో వ్రాయబడియుండిన, రాబోవు సభ్యులకును తెలిసియుండును.