వానల్లో కోళ్లకు కుళ్లిన పండ్లు వేయకండి

ముసురు వదలట్లేదు. సికింద్రాబాద్ లష్కర్ బోనాలకు తెచ్చి పెరట్లో మిగిల్చుకున్న కోళ్లకు మోండా మార్కెట్‌లో అడుగున పడి మెత్తబడ్డ పండ్లు, నిన్నటి అన్నం తట్టలకొద్దీ వేస్తున్నారు. రెజిమెంటల్ బజార్ ఇరుకు సందుల్లో ఈ తడికి ఏ తిండైనా త్వరగా బూజు పడుతుంది. నా భయమంతా ఆ బూజు గురించే.

బూజు పట్టిన గింజల్లో, రొట్టెల్లో అఫ్లాటాక్సిన్ పుట్టవచ్చు. అది కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గుడ్లు తగ్గిపోతాయి. వండినా ఆ విషం పోదు, పైపైన గీకేసినా పోదు. కుళ్లిన మాంసం, పురుగులు పట్టిన చెత్త మరీ ప్రమాదం: బొటులిజం వస్తే కాళ్లు, రెక్కలు చచ్చుబడి చివరకు మెడ వాలిపోతుంది.

తాజా బొప్పాయి, జామ, పుచ్చకాయ తొక్క, గుమ్మడి, తోటకూర నిశ్చింతగా వేయండి. అయితే గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. ఇంటి మిగులు అందులో పదో వంతు మించితే మాంసకృత్తులు, సున్నం చాలక గుడ్డు పెంకు పలచబడుతుంది. ముందు దాణా, సాయంత్రం తొక్కలు. 20 నిమిషాల్లో తినలేనిది ఎత్తేయండి. పచ్చళ్లు, అప్పడాలు, మిగిలిన బిర్యానీ వద్దు. అంత ఉప్పు కోడికి పడదు. అవకాడో, పచ్చబడ్డ ఆలుగడ్డ తొక్క, ఉడకని రాజ్మా అసలే వేయకూడదు.

పుచ్చకాయ తిన్న కోడి నీళ్లలా రెట్ట వేయగానే మందుల దుకాణానికి పరుగెత్తుతారు. వాళ్లు యాంటీబయాటిక్ పొడి, లివర్ టానిక్ రెండూ అంటగడతారు. ఎందుకు కొంటారండీ? పండు ఆపి చూడండి, కోడి చురుగ్గా ఉంటే రెట్ట దానంతటదే గట్టిపడుతుంది. కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని కేంద్రం 2019లోనే నిషేధించింది. ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. రెట్టలో రక్తం కనిపిస్తే రక్తపారుడు కావచ్చు. ఆకుపచ్చ రెట్టతో మెడ మెలికపడితే కొక్కెర తెగులును అనుమానించాలి. ఆ కోడిని వేరుచేసి పశువైద్యుడికి చూపించండి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వారి వనరాజా, గ్రామప్రియ రకాల కోళ్లు పెంచుతున్నా కొక్కెర టీకా తప్పదు.

ఈగలు ముసిరాయని పెరట్లో పురుగుమందు కొట్టడం ఎన్నిసార్లు వద్దన్నా మానరు! మందుకు చచ్చిన పురుగుల్ని ఏరుకు తినేది మీ కోళ్లే. చెత్త తీసేస్తే ఈగలు తగ్గుతాయి. డాబా మీద వంగకు మందు కొట్టారా, ఆ ఆకులు కోళ్లకు వేయకండి.