బార్డోలీ గోదడీ: పూల అతుకుల బొంత

పొందిక లేని వస్తువును గాని, పొంతన లేని మాటలను గాని 'అతుకుల బొంత' అని నిరసించడం తెలుగువారికి పరిపాటి. 'గంతకు తగ్గ బొంత' అనే సామెతలో కూడా మెచ్చుకోలు కంటె ఎకసెక్కమే ఎక్కువ. బొంత కుట్టి ఎరిగినవారు మాత్రం ఈ నిందను అంగీకరించరు. చిరిగిన చీరలను, రంగు వెలసిన పంచెలను పొరలుపొరలుగా పరచి, పదేళ్లు నిలిచే పక్కగా మార్చడం ఆలోచన లేనిదే సాగే పని కాదు. బెంగాలులోని కంథా, బీహారులోని సుజనీ, కచ్ ప్రాంతపు రల్లీ, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు కుట్టే కవంది, ఇవన్నీ మన బొంతకు తోబుట్టువులే. గుజరాత్, మహారాష్ట్రలలో దీనిని గోదడీ అంటారు.

సూరత్ నగరానికి తూర్పున ముప్ఫై కిలోమీటర్లకు పైబడిన దూరంలో బార్డోలీ ఉన్నది. సహాయ నిరాకరణోద్యమాన్ని నిలిపివేయాలని 1922 ఫిబ్రవరిలో కాంగ్రెసు కార్యవర్గం నిర్ణయించినది ఈ ఊరిలోనే. అటు తర్వాత ఇక్కడి స్వరాజ్ ఆశ్రమం రాట్నానికి, ఖద్దరుకు కేంద్రమయింది; వేడ్ఛీ పరిసరాలలోని రానీపరజ్ గిరిజన గ్రామాలకు కూడా రాట్నం చేరింది. 1928లో భూమిశిస్తు పెంపును ఎదిరించి వల్లభభాయి పటేల్ నాయకత్వాన రైతులు సత్యాగ్రహం సాగించినప్పుడు, జప్తు అధికారులు గేదెలను, ఇంటి సామానులను పట్టుకుపోయేవారు. రాట్నం తిప్పిన ఇంట బట్ట విలువ వేరు. తన చేతుల మీదుగా వచ్చిన నూలును చిరిగినంత మాత్రాన పారవేయడానికి ఎవరికీ మనసొప్పదు.

నేటి బార్డోలీ చెరకు సీమ. వానలు వెనుకబట్టగానే డాంగ్ జిల్లా నుండి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుండి చెరకు నరికే కూలీలు ఆలుబిడ్డలతో తరలివస్తారు. వారు చేతబట్టే కత్తి పేరనే ఒక్కొక్క జంటను ఒక 'కోయతా'గా లెక్కించడం అక్కడి వాడుక. నెలల తరబడి తాత్కాలికపు గుడిసెలలోనే వారి కాపురం. వంటపాత్రల తర్వాత వారి మూటలో చెప్పుకోదగిన వస్తువు గోదడీయే. తలుపు లేని గుడిసెలో చలికి అడ్డు అదే, పొలం గట్టున పసిబిడ్డకు పక్క అదే. గోదడీ మంచిచెడ్డలను తేల్చవలసినది ప్రదర్శనశాల గోడ మీద కాదు, ఆ గుడిసెలో.

ఆ దృష్టితో చూస్తే మొదటి సమస్య బట్ట. సూరత్ మరమగ్గాల నగరం. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడగా, వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతూ వచ్చింది. అయితే ఆ మగ్గాల మీద నేసేదానిలో అధికభాగం కృత్రిమ దారపు బట్ట. దాని కత్తిరింపులు నిగనిగలాడతాయి, రంగు వదలవు, త్వరగా చిరగవు. చూసేవారికి ఆశ కలగడం సహజం. కాని అవి చెమటను పీల్చవు, పొరల మధ్య జారిపోతాయి. అన్నిటికంటె ముఖ్యంగా, పొయ్యి రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఎండు చెరకాకు నడుమ నిద్రించేవారికి ఇది చిన్న విషయం కాదు. కనుక గోదడీకి నూలు బట్టనే ఎంచుకోవాలి. అనుమానం కలిగితే అంచు నుండి ఒక దారం లాగి, ఇనుప పళ్లెంలో పెట్టి, పెద్దలు దగ్గరుండగా నిప్పు ముట్టించి చూడవచ్చు. నూలు దారం కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టరు ముడుచుకొని గట్టి పూసలా మారుతుంది.

పాత బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. నేత పలచబడినచోట పైపొరకు పనికిరాదు, లోపలి పొరకు చాలు. ఎరుపు, నీలం ముక్కలను వేడినీటిలో విడిగా ఉతికి, రంగు దిగడం ఆగిన తర్వాతనే వాడాలి.

ఇక పువ్వు. సౌరాష్ట్ర, కచ్ ప్రాంతాలలో 'కటాబ్' అనే అతుకుపని ఉన్నది. బట్టను నాలుగు, ఎనిమిది మడతలు పెట్టి కత్తెరతో కోసి విప్పితే పువ్వు విచ్చుకుంటుంది. దానిని వేరొక బట్టపై పరచి అంచులు మడిచి కుడతారు. కొత్తగా నేర్చుకునేవారికి వంపుల అంచులు మడవడం కష్టం. వారికి చదరాలతో కుట్టే పువ్వు సులువు.

తొమ్మిదిన్నర సెంటీమీటర్ల చదరాలు తొమ్మిది కోయాలి: నడుమకు పసుపుపచ్చనిది ఒకటి, రేకలకు ఒకే రంగువి నాలుగు, మూలలకు తెల్లనివి నాలుగు. కుట్టుకు నలువైపులా ముప్పాతిక సెంటీమీటరు పోతుంది. పడుగు పేకల వెంట సూటిగా కోయకపోతే చదరం సాగిపోతుంది. ప్రతి రేకకూ పసుపు నడిమికి ఎడంగా ఉండే రెండు మూలలపై మూడున్నర సెంటీమీటర్ల చిన్న తెల్ల చదరాలు ఉంచి, మూలను తెగవేసే దిశలో ఐమూలగా కుట్టి, వెలుపలికి మడిచి, అడుగున మిగిలిన బట్టను కత్తిరించాలి. రేకకు గుండ్రని పోలిక వస్తుంది. తొమ్మిదింటిని మూడు వరుసలుగా జోడిస్తే ఇరవైనాలుగు సెంటీమీటర్ల పూలగడి తయారు.

ఇట్టివి 24, ఇరవైఅయిదున్నర సెంటీమీటర్ల సాదా ముక్కలు 24 కోసుకొని, చదరంగపు బల్లవలె అడ్డం ఆరు, నిలువు ఎనిమిదిగా కలపాలి. చుట్టూ ఆరు సెంటీమీటర్ల పట్టీ వేస్తే 156 సెంటీమీటర్ల వెడల్పు, 204 సెంటీమీటర్ల పొడవు గల పైపొర సిద్ధమవుతుంది.

అయిదున్నర మీటర్ల చీరను అడ్డంగా రెండు సమభాగాలు చేసి, నిలువు అంచుల వెంట జోడిస్తే అడుగుపొర వస్తుంది. దానిని నేలపై ముడతలు లేకుండా పరచి, రెండు మూడు పొరలు మెత్తని పాత బట్ట వేసి, పైన పూలపొర కప్పాలి. జానెడేసి దూరంలో పొడవాటి వదులుకుట్లు వేసి పొరలను తాత్కాలికంగా బంధించాలి. ఈ పనికి నలుగురు అవసరం; ఒక్కరు చేసిన గోదడీ ఏదో ఒక మూల ముడత పడకుండా ఉండడం అరుదు.

అసలు కుట్టు నడుమ మొదలుపెట్టి అంచులకు సాగాలి. సిద్దీ స్త్రీలు ఇందుకు విరుద్ధంగా అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకుంటారు. వారు అతుకులను కుడుతూ కుడుతూనే చేర్చుకుంటారు గనుక వారికి అది సరిపోతుంది. ముందుగానే పైపొర సిద్ధం చేసుకున్నవారికి సరిపడదు. సూది అన్ని పొరలను దాటి కిందికి దిగి తిరిగి పైకి రావాలి. వరుసకు వరుసకు రెండు వేళ్ల ఎడం చాలు.

ఇక్కడే కొత్తవారు తరచుగా పొరపాటు చేస్తారు. ఎంతో శ్రమపడి కుట్టిన పువ్వు అందం చెడుతుందని దానిమీదుగా కుట్టు పోనివ్వక, చుట్టూ సాదా గడులలో మాత్రమే దట్టంగా కుడతారు. చూపునకు బాగానే ఉంటుంది. నాలుగు ఉతుకులు పడిన తర్వాత పువ్వు కింది పొరలు ఉండలు కట్టి, రేకల అతుకులు లాగబడి, గోదడీ మొట్టమొదట పువ్వు దగ్గరే చిరుగుతుంది. సాదా గడికి పడే కుట్టే పువ్వుకూ పడాలి. కుట్టుగీతల కింద పువ్వు కొంత అణగిపోయినా, చేతితో తడిమితే దాని ఆకృతి తెలుస్తూనే ఉంటుంది.

అంచులను లోపలికి మడిచి రెండు వరుసలు కుట్టాలి. కవందికి నాలుగు మూలలా మడత ముక్కలతో 'ఫుల'లు, అనగా పువ్వులు, చేర్చే ఆచారం సిద్దీలలో ఉన్నది. అవి లేని కవంది నగ్నంగా ఉన్నదని వారు భావిస్తారు. బార్డోలీ పద్ధతిలో కుట్టేవారు కూడా అవి వేసుకోవచ్చు, బరువేమీ పెరగదు.

ఉతికిన గోదడీని రెండువైపులా పూర్తిగా ఎండబెట్టాలి. లోపలి పొరలో తడి మిగిలితే బూజు పడుతుంది. ఎక్కడైనా చిరిగితే పాత ముక్కను విప్పవద్దు. దానిపైననే, చిరుగు కంటె నాలుగువైపులా రెండు వేళ్లు పెద్దదిగా, మరొక నూలు ముక్క వేసి కుట్టాలి.