వేలిముద్రపై విశ్వాసం: ఆధార్ ధ్రువీకరణలో రుణగ్రహీతలు, విక్రేతలు తెలుసుకోవలసిన విషయాలు

రుణ వ్యవహారమేదైనా ఒక ప్రశ్నతో మొదలవుతుంది: ఎదుట నిలిచిన వ్యక్తి తాను చెప్పుకొనే వ్యక్తేనా? ఒకప్పుడు ఈ ప్రశ్నకు ప్రోనోటుపై నిశానీ, దాని పక్కన సాక్షుల సంతకాలు, బ్యాంకు ఖాతాకైతే పరిచయకర్త సంతకం సమాధానంగా ఉండేవి. అబద్ధమాడిన సాక్షి ఊరిలో తలెత్తుకొని తిరగలేకపోయేవాడు. నేడు ఆ సాక్షి స్థానంలో ఒక చిన్న యంత్రం వచ్చింది. యంత్రానికి పరువుభయం లేదు కనుక, దానిపై నమ్మకాన్ని నియమాల ద్వారాను, మన జాగ్రత్త ద్వారాను నిలబెట్టుకోవలసి ఉంటుంది.

ధ్రువీకరణ జరిగే తీరు

విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2009 జనవరి 28న ఏర్పడింది. దీని ప్రధాన కార్యాలయం న్యూఢిల్లీలో ఉన్నది. తొలి ఆధార్ సంఖ్యలను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో అందజేశారు. ఈ సంస్థ సమాచార కేంద్రాలు బెంగుళూరులోను, ఢిల్లీ సమీపాన హర్యానాలోని మానేసర్‌లోను ఉన్నాయి. మన గ్రామంలో రైతు యంత్రంపై వేలు పెట్టగానే ఆధార్ సంఖ్య, వేలిముద్ర సంకేతరూపంలో ఆ కేంద్ర భాండారాన్ని చేరతాయి. ఆ సంఖ్యతో నమోదైయున్న ముద్రతో వాటిని పోల్చి ‘అవును’ లేక ‘కాదు’ అని జవాబు వస్తుంది. ఇ-కెవైసి అయినప్పుడు ఖాతాదారుని సమ్మతిపై పేరు, చిరునామా, ఫొటో కూడ బ్యాంకుకు అందుతాయి. కనుక వేలు పెట్టడమంటే సమ్మతి తెలపడమే. ఎందుకోసమో అడిగి తెలుసుకొనిన పిమ్మటనే వేలు పెట్టాలి.

రెండు విధాల దోషాలు

యంత్రం రెండు విధాలుగా పొరబడవచ్చును: అసలు మనిషిని నిరాకరించడం మొదటిది, నకిలీ మనిషిని అంగీకరించడం రెండవది. మట్టిపని, సున్నం, సిమెంటు పని చేసేవారికి, వృద్ధులకు వేలిరేఖలు అరిగిపోతాయి. వారికి ‘కాదు’ అని జవాబు వచ్చినంత మాత్రాన వారు మోసగాళ్లు కారు. వేరే వేలు, కంటిపాప, ముఖం, లేదా నమోదైన ఫోనుకు వచ్చే ఓటిపి ద్వారా తిరిగి ప్రయత్నించాలి.

రెండవ దోషానికి 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో బయటపడిన ఉదంతం నిదర్శనం. ఒక సిమ్ కార్డుల విక్రేత అంతర్జాలంలో లభించిన భూముల రిజిస్ట్రేషను దస్తావేజుల నుండి ఆధార్ సంఖ్యలను, వేలిముద్రలను సేకరించాడు. రబ్బరుముద్రలు తయారుచేసే పద్ధతిలో ఆ వేళ్లకు నకళ్లు చేసి, ఇతరుల పేర్లతో వేలాది సిమ్ కార్డులను చలామణీలోనికి తెచ్చాడు. ఇందులో కేంద్ర భాండారం చెక్కుచెదరలేదు. ముద్ర బయట కాగితంపై దొరికింది. రహస్యసంఖ్య పోతే మార్చుకొనవచ్చును. వేలిని మార్చుకొనలేము. ఆపై 2023లో, యంత్రంపై ఉన్నది సజీవమైన వేలేనా అని పరీక్షించే పద్ధతిని ప్రాధికార సంస్థ ప్రవేశపెట్టింది.

రుణగ్రహీతలకు సూచనలు

1. అవసరం లేని వేళల్లో వేలిముద్ర, కంటిపాప వివరాలకు ‘తాళం’ వేయించుకొనండి. అవసరమైనప్పుడు తెరచుకొనవచ్చును.
2. నకలు ఇవ్వవలసివస్తే చివరి 4 అంకెలు మాత్రమే కనబడే ఆధార్ ప్రతిని ఇవ్వండి. ఆధార్ సంఖ్యకు బదులు 16 అంకెల వర్చువల్ ఐడిని కూడ వాడవచ్చును.
3. బ్యాంకు మిత్ర వద్ద నగదు తీసుకొనునప్పుడు ‘పడలేదు, మళ్లీ వేలు పెట్టు’ అంటే, మొదటి ప్రయత్నం విఫలమైనట్లు రసీదు అడగండి. ఒకే నగదుకు రెండుసార్లు ఖాతా తగ్గకుండ ఇది కాపాడుతుంది.
4. తెలియని తీసివేత కనబడితే ఆనాడే బ్యాంకుకు, 1930 నంబరుకు తెలియజేయండి. ఖాతాదారుని తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేని మోసాన్ని 3 పనిదినాలలో తెలియజేస్తే ఖాతాదారునిపై నష్టభారం ఉండరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఆదేశించింది. ఆలస్యం నష్టాన్ని పెంచుతుంది. ఆధార్ సందేహాలకు 1947 నంబరు ఉన్నది.

విక్రేతలకు సూచనలు

ఎరువుల సబ్సిడీ కొత్త విధానాన్ని 2016 అక్టోబరులో కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. 2018 నాటికి అది దేశమంతటా అమలయింది. అప్పటినుండి దుకాణంలోని యంత్రం కూడ సాక్షిపీఠమే అయినది. కొన్నవాని వేలికి బదులు మరొకరి వేలు పెట్టి బస్తాలు వ్రాయడం తప్పుడు సాక్ష్యంతో సమానం. వేలిముద్ర పరికరంలోపలనే సంకేతరూపం పొందే ఎల్1 శ్రేణి పరికరాన్నే వాడండి. ఖాతాదారుల ఆధార్ నకళ్లను పోగుచేయవద్దు.

చట్టం మాట

2018 సెప్టెంబరు 26న ఢిల్లీలో సుప్రీంకోర్టు ఆధార్ చట్టం చెల్లుతుందని తీర్పు చెబుతూనే, బ్యాంకు ఖాతాకు ఆధార్ తప్పనిసరి అన్న నిబంధనను కొట్టివేసింది. 2019 సవరణ తరువాత ఖాతాదారు స్వచ్ఛందంగా ఆధార్‌ను గుర్తింపుగా వాడుకొనవచ్చును. స్వచ్ఛందమన్న ఈ మాటలోనే విశ్వాసానికి పునాది ఉన్నది. అడిగి తీసుకొనిన ముద్ర, చేతికిచ్చిన రసీదు, ఆలకించిన ఫిర్యాదు ఈ మూడూ ఉన్న కౌంటరు వద్దకు రైతు భయం లేకుండ తిరిగి వస్తాడు.